డోలీ మోసిన మనిషి

విగ్రహాలంటే నాకు చిన్నప్పట్నుంచీ అంత గురి లేదు. మా ఊళ్ళో బస్టాండు సెంటర్లో మూడు విగ్రహాలుండేవి. మూడింటికీ ఒకటే మొహం. చెయ్యెత్తినాయన, పుస్తకం పట్టుకున్నాయన, కండువా సర్దుకుంటున్నాయన అని గుర్తుపెట్టుకునేవాళ్ళం. ఏడాదికి రెండుసార్లు పూలదండ, మిగతా రోజులన్నీ కాకులు. అందుకని కిందటేడు మా తమ్ముడు, "అక్కా, ఈ ఆదివారం నీకో విగ్రహం చూపిస్తాను, తయారవ్వు" అన్నప్పుడు, "విగ్రహం చూడ్డానికి లివర్‌పూల్ దాకా రావాలట్రా?" అన్నాను.

నేను ఆ ఊరు వెళ్ళింది మా మరదలి పురిటి సాయానికి. వాళ్ళమ్మగారు మూడు నెలలుండి తిరిగొచ్చేశాక నా వంతు వచ్చింది. మా అమ్మకి మోకాళ్ళు సహకరించవు. "నువ్వెళ్ళవే, నవల అక్కడ కూర్చుని రాసుకోవచ్చు" అని నా పెట్టెలో బట్టలు తీసేసి ఆవకాయ జాడీ పెట్టి పంపించింది. పసిపిల్ల ఉన్న ఇంట్లో కూర్చుని నవల రాయడం ఎంత తేలికో తల్లులందరికీ తెలుసు కనక ఆ సంగతి వదిలేస్తున్నాను. నెలన్నరలో నేను రాసుకున్నదల్లా ఆ ఊళ్ళోని రెండు యుద్ధ స్మారకాల గురించి నాలుగు కాగితాలు. వాటినే ఇక్కడ కొంచెం కుదురుగా చెబుతాను.

మొదటిది అబర్‌క్రాంబీ స్క్వేర్‌లో ఉంది. చుట్టూ పాతకాలపు ఇటుక మేడలు, మధ్యలో పచ్చిక, చెట్లు. ఆ మేడలన్నీ ఇప్పుడు లివర్‌పూల్ యూనివర్సిటీవి. కుర్రకారు పచ్చిక మీద కూర్చుని బ్రెడ్డు ముక్కలు తింటున్నారు. వాళ్ళ పక్కనే కంచుతో చేసిన మనుషులు ముగ్గురు. ఒకాయన డాక్టరు, సైనికుడి దుస్తుల్లో. రెండో ఆయన స్ట్రెచర్ మోసే మనిషి. మూడో ఆయన గాయపడ్డవాడు. ఆ ఇద్దరూ ఇతనికి సాయపడుతున్నారు. అంతే. గుర్రం లేదు, కత్తి లేదు, చెయ్యెత్తి దారి చూపించడం లేదు. 2008లో పెట్టారు. చేసిన శిల్పి పేరు టామ్ మర్ఫీ. ఆ ఊరి విమానాశ్రయంలో పాటగాడు జాన్ లెనన్ విగ్రహం చేసింది కూడా ఈయనే.

ఆ డాక్టరు పేరు నోయెల్ షవాస్. మొదటి ప్రపంచ యుద్ధంలో లివర్‌పూల్ స్కాటిష్ అనే పటాలానికి వైద్యుడు. బ్రిటిషువాళ్ళు సైనికుడికిచ్చే అన్నిటికంటే పెద్ద పతకం విక్టోరియా క్రాస్. 1856 నుంచీ ఇస్తున్నారు. దాన్ని రెండుసార్లు పొందినవాళ్ళు ఇప్పటికి ముగ్గురే ముగ్గురు. అందులో షవాస్ ఒకడు. ముగ్గురిలోనూ ఇద్దరు డాక్టర్లే కావడం నాకు సంతోషమనిపించింది. మా తమ్ముడు డాక్టరు కనక వాడికి ఇంకొంచెం ఎక్కువ సంతోషం. ఆ దిమ్మ మీద షవాస్‌తో పాటు, లివర్‌పూల్లో పుట్టి అదే పతకం పొందిన మరో 15 మంది పేర్లున్నాయి. అంటే ఇది ఒక్కడి విగ్రహం కాదు. ఊరు తన వీరులందరికీ కలిపి కట్టుకున్న గుర్తు.

ఇక్కడో తమాషా ఉంది. ఆ 15 మందిని ఊళ్ళో పుట్టారనే లెక్క మీద ఎంచారు. తీరా నాయకస్థానంలో నిలబెట్టిన షవాస్ పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో, 1884లో. తండ్రి 1900లో లివర్‌పూల్‌కి బిషప్పుగా వచ్చాడు. అప్పటికి ఈ కుర్రాడికి పదిహేనేళ్ళు. ఆ స్క్వేర్‌లోనే 19వ నంబరు ఇల్లు బిషప్పుగారి నివాసం. అంటే విగ్రహం అతని ఇంటి ముందరే ఉందన్నమాట. "ఏమిట్రా ఈ లెక్క?" అంటే మా మరదలు అందుకుంది. "మనం మాత్రం? పుట్టినూరేది అని ఎవరైనా అడుగుతారా వదినా? మెట్టినూరు పేరే కదా చెబుతాం!" నిజమే. ఆడవాళ్ళ లెక్క ఒక్కసారికి మగవాడికి వర్తించింది. పోనీలెమ్మనుకున్నాను.

ఆ కుటుంబం గురించి తమ్ముడి పుస్తకాల్లో చదివాను. ఏడుగురు పిల్లలు. అందులో రెండు జతల కవలలు. నోయెల్‌కీ అతని కవల సోదరుడు క్రిస్టఫర్‌కీ పరుగుపందేలంటే ప్రాణం. 1908లో లండన్ ఒలింపిక్స్‌లో ఇద్దరూ 400 మీటర్ల పందెంలో పరిగెత్తారు. తరవాత నోయెల్ లివర్‌పూల్లోనే ఎముకల వైద్యంలో పని చేశాడు. యుద్ధం రాగానే వెళ్ళాడు. అతనికి పెళ్ళి నిశ్చయమైన పిల్ల గ్లాడిస్, స్వయానా తండ్రి సోదరుడి కూతురు. నేను ఉలిక్కిపడ్డాను. మనలో అది చెల్లెలి వరస! మేనత్త కూతురైతే చేసేసుకోవచ్చు గానీ పినతండ్రి కూతురైతే కళ్ళు పోతాయంటాం. వాళ్ళకి రెండూ ఒకటే. దేశాచారాలు ఎంత చిత్రమైనవో! వరస సంగతి ఎలా ఉన్నా ఆ పెళ్ళి జరగలేదు.

అతను చేసిన పనేమిటో ప్రభుత్వం వాళ్ళ ప్రశంసాపత్రంలో ఉంది. నేను నవలలు రాసేదాన్ని కనక ఆ కాగితాన్ని కూడా రచనగానే చదివాను. ఒక్క విశేషణం ఎక్కువ లేదు. 1916 ఆగస్టులో ఫ్రాన్సులో గిల్మాంట్ అనే పల్లె దగ్గర పగలంతా శత్రువు కాల్పుల్లోనే ఆరుబయట గాయపడ్డవాళ్ళకి కట్లు కట్టాడు. రాత్రి నాలుగు గంటల సేపు శత్రువుల కందకాల ముందు తిరిగి పడిపోయినవాళ్ళని వెతికాడు. మర్నాడు ఒక స్ట్రెచర్ మనిషిని వెంటబెట్టుకుని, ప్రాణం మీదికొచ్చినవాణ్ణి 500 గజాలు మోసుకొచ్చాడు. ఆ రాత్రి ఇరవైమంది వెంట రాగా, శత్రు కందకానికి 25 గజాల దూరంలో గుంటలో పడున్న ముగ్గురిని తెచ్చాడు. ఇద్దరు ఆఫీసర్లని పూడ్చిపెట్టాడు. చనిపోయినవాళ్ళ మెడల్లోంచి గుర్తింపు బిళ్ళలు ఎన్నో ఏరుకొచ్చాడు.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బిళ్ళలు ఏరడం వల్ల ఎవరి ప్రాణమూ దక్కదు. చనిపోయినవాడికి అది అక్కర్లేదు. మరి గుండ్ల మధ్య ఆ బిళ్ళలకోసం పాకడం ఎవరికోసం? ఊళ్ళో తలుపు దగ్గర నిలబడి పోస్టుమాన్ కోసం చూస్తున్న ఆడదానికోసం. వస్తాడో రాడో తెలియకుండా ఏళ్ళకేళ్ళు గడపకుండా, కనీసం రాడని తెలియడంకోసం. గాయాలు కట్టినవాడు ఆ పని కూడా చెయ్యాలనుకున్నాడే, అదీ నాకు అతని మీద గౌరవం కలిగించింది. పతకం ఎందుకిచ్చారో నాకు తెలియదనుకోండి, నేనైతే దానికిచ్చేదాన్ని.

ఏడాది తిరగ్గానే, 1917 జూలై ఆఖర్న, బెల్జియంలో ఈప్ర అనే ఊరి దగ్గర తలకి దెబ్బ తగిలినా తన చోటు వదల్లేదు. మళ్ళీ మళ్ళీ బయటికెళ్ళి గాయపడ్డవాళ్ళని తెచ్చాడు. చివరికి అతనున్న చోటే గుండు పడింది. ఆగస్టు 4న బ్రాండ్‌హుక్ ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి 32 ఏళ్ళు. సమాధి రాయి మీద ఆ శిలువ పతకం బొమ్మలు రెండు చెక్కారు. పోయేముందు నర్సు చేత గ్లాడిస్‌కి ఉత్తరం రాయించాడట.

ఇప్పుడు విగ్రహం సంగతికొస్తాను. మంచి విగ్రహమే. మంచిదని ఒప్పుకోడానికి నాకు రెండుసార్లు వెళ్ళాల్సొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు శిల్పంగా అదేమంత గొప్పగా అనిపించలేదు. ముడతలు, బొత్తాలు, బూట్లు అన్నీ ఉన్నవున్నట్టు ఉన్నాయి. ఎక్కువ ఉన్నవున్నట్టు ఉండడం కూడా ఒక్కోసారి లోపమే. ఫోటో స్టూడియోలో "కదలకండి" అన్నట్టుంటుంది. మనం ఊహించుకోడానికి ఏమీ మిగలదు. ఇక దిమ్మ మీది పేర్లు. పేర్లు చదివితే కళ్ళు చెమర్చాలంటే ఆ పేర్లవాళ్ళు మనకి ఎంతో కొంత తెలిసుండాలి. షవాస్‌కి మొహముంది, ఒళ్ళుంది, వంగిన నడుముంది. ఆ 15 మందికీ అక్షరాలే మిగిలాయి. ఊరి వీరులందరికీ అని చెప్పి ఒక్కడికే మొహం ఇవ్వడం, విస్తరి అందరికీ వేసి కూర ఒక్కరికే వడ్డించినట్టుంది.

అయినా రెండోసారి వెళ్ళినప్పుడు నా చూపు డాక్టరు మీదికి పోలేదు. పక్కనున్న ఆ స్ట్రెచర్ మనిషి మీదికి పోయింది. అతని పేరేమిటి? ఎక్కడా లేదు. ప్రశంసాపత్రంలోనూ "ఒక" స్ట్రెచర్ మనిషే. 500 గజాలు అతనూ నడిచాడు. స్ట్రెచర్‌కి రెండు కొసలుంటాయి కదండీ! ఒక కొసన డాక్టరుంటే రెండో కొసన ఎవరో ఉండి తీరాలి. గుండ్లు ఒక కొసనే పడవు.

నాకు మా మిలిటరీ తాతయ్య గుర్తొచ్చాడు.

ఆయన మా అమ్మమ్మ తమ్ముడు. మాది పశ్చిమ గోదావరి. మా జిల్లాలో మాధవరమని ఊరుంది, ఇంటింటా సిపాయిలే, అందుకని మిలిటరీ మాధవరమంటారు. మా అమ్మమ్మ వాళ్ళది ఆ ఊరు కాదు. మా ఊళ్ళో మిలిటరీకి వెళ్ళినవాడు ఈయనొక్కడే కనక ఆ పేరు ఈయనకే అతుక్కుపోయింది. 1942లో ఇంట్లో చెప్పకుండా వెళ్ళాడట. మిలిటరీ ఆసుపత్రి విభాగంలో వేశారు. బర్మా వెళ్ళాడు. అక్కడేం చేశావు తాతయ్యా అంటే, "డోలీలు మోశానమ్మా" అనేవాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. మాకు నిరాశగా ఉండేది. తుపాకీ పేల్చానంటే కథ ఉంటుంది గానీ డోలీ మోశానంటే ఏముంటుంది?

కానీ ఆయన దగ్గర ఓ పతకముండేది. రేకు డబ్బాలో, ఆరు కోణాల పచ్చటి నక్షత్రం. దానికి నీలం, ఎరుపు, నారింజ చారల రిబ్బను. నేను ఏడో క్లాసులో ఉండగా జనవరి 26కి బళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. నేను అమ్మమ్మని బతిమాలి ఆ డబ్బా పట్టుకెళ్ళాను. అట్టముక్క మీద "మా తాతగారి శౌర్య పతకం" అని గుండ్రంగా రాసి పక్కన పెట్టాను. అందరూ నా బల్ల చుట్టూనే. అంతలో ఎన్‌సీసీ మాష్టారు వచ్చి దాన్ని తీసి తిప్పి చూసి, "ఇది శౌర్య పతకం కాదమ్మా, బర్మా స్టార్. ఆ యుద్ధంలో అక్కడికి వెళ్ళిన ప్రతివాడికీ ఇచ్చారు" అని అట్టముక్క బోర్లా పెట్టి వెళ్ళిపోయారు. ఆయన తప్పేం లేదు, ఉన్నమాటే అన్నారు. నాకు మాత్రం భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి తాతయ్య మీద విరుచుకుపడ్డాను. "ఇది అందరికీ ఇచ్చేదట! నువ్వెందుకు చెప్పలేదు?" అని. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుకుంటున్నాడు. "మాష్టారు నిజమే చెప్పాడమ్మా. అందరం వెళ్ళాం. అందరికీ ఇచ్చారు" అన్నాడు. కాసేపాగి, "రానివాళ్ళవి ఇళ్ళకి పంపారట" అన్నాడు. మళ్ళీ తాడు పేనుకోవడంలో పడ్డాడు.

ఇంకొక్క సంగతి చెబుతాను ఆయన గురించి. ఊళ్ళో ఎవరు పోయినా, ఏ కులంవాళ్ళు పోయినా, పాడె ముందుకొసన తాతయ్య భుజం ఉండేది. ముసలితనంలో కూడా. "అడుగు కలవాలి, లేకపోతే పైనున్నవాడికి కుదుపు" అనేవాడు. పైనున్నవాడికి కుదుపేమిటి తాతయ్యా, వాడు పోయాడు కదా అని మేం నవ్వేవాళ్ళం. ఆడపిల్లలం వీధి గుమ్మం దాటి వెళ్ళేవాళ్ళం కాము కనక నాకు ఆయన వెనక వైపే గుర్తు. నలుగురు మనుషులు, ఒకటే అడుగు, మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా.

అబర్‌క్రాంబీ స్క్వేర్‌లో ఆ పేరులేని మనిషిని చూస్తుంటే, మాష్టారికీ నాకూ ఇద్దరికీ అప్పుడు తెలియని సంగతి ఒకటి తోచింది. శౌర్య పతకానికి సాక్షులు కావాలి. చూసినవాళ్ళుండాలి, పై అధికారి సిఫారసు రాయాలి, అది మెట్టు మెట్టుకీ ఎక్కాలి. చీకట్లో, బురదలో, చూసినవాళ్ళు కూడా చచ్చిపోయిన చోట చేసిన సాహసానికి కాగితం లేదు. పైగా 1911 దాకా మన దేశపు సిపాయికి విక్టోరియా క్రాస్ ఇచ్చే నియమమే లేదు. వాడెంత వీరుడైనా సరే. ఆ తరవాత, 1914లో ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయి మొదటివాడయ్యాడు. 1910లో మనవాళ్ళలో ధైర్యం లేదని, 1914కల్లా పుట్టుకొచ్చిందని అనుకోవాలా? పతకాల పట్టిక అబద్ధం చెప్పదు. కానీ సగమే చెబుతుంది. దాన్నే రాతి మీద చెక్కితే ఆ సగం శాశ్వతమైపోతుంది. ఆ స్మారకం మీద నాకున్న అసలు ఫిర్యాదు అదీ.

దీనికి సాక్ష్యం ఆ ఎదురింట్లోనే ఉంది. నోయెల్ పోయింది 1917 ఆగస్టు 4న. సరిగ్గా నెల ముందు, జూలై 4న, అతని చిన్న తమ్ముడు ఏడన్ అదే ఈప్ర ప్రాంతంలో కనబడకుండా పోయాడు. శరీరం దొరకలేదు. సమాధి లేదు. సమాధి లేనివాళ్ళ పేర్లు చెక్కిన మెనిన్ గేట్ అనే పెద్ద తోరణం మీద ఓ పేరుంది, అంతే. ఆ తోరణం మీద మన దేశపు సిపాయిల పేర్లు కూడా ఉన్నాయి. 19వ నంబరు ఇంటి తల్లికి నెల తిరిగేసరికి ఇద్దరు కొడుకులు పోయారు. ఒకడు ఇప్పుడు కంచులో ఇంటిముందు నిలబడ్డాడు. రెండోవాడు ఆ స్క్వేర్‌లో లేడు. తల్లికి ఈ తేడా తెలుస్తుందా? నేను ఈ మాటంటే మా తమ్ముడు, "అక్కా, అందరికీ విగ్రహాలు పెడితే ఊళ్ళో నడవడానికి చోటుండదు" అన్నాడు. మగపిల్లలు ఎప్పుడూ చోటు గురించే మాట్లాడతారు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. అందరికీ కలిపి ఒక్కటి కట్టడం ఎలాగో ఆ ఊరికే అంతకుముందే తెలుసు. అది నేను చూసిన రెండో స్మారకం.

లైమ్ స్ట్రీట్ రైలు స్టేషన్‌లోంచి బయటికి రాగానే ఎదురుగా సెయింట్ జార్జెస్ హాల్ అనే పెద్ద స్తంభాల భవనం. దాని ముందు మైదానంలో పొడుగ్గా, నేలబారుగా, బలిపీఠంలా ఓ రాతి కట్టడం. 1930 నవంబరు 11న ఆవిష్కరించారు. రూపకల్పన లయొనెల్ బడెన్, శిల్పాలు హెర్బర్ట్ టైసన్ స్మిత్. ఇద్దరూ ఆ ఊరివాళ్ళే. దాన్ని చూపించాలని ఎవరూ అనుకోలేదు. నేను రైలు దిగి బస్సుకోసం వెతుకుతూ అటు పోయాను.

పైకి చూస్తే ఏమీ లేదు. స్తంభం లేదు, గోపురం లేదు, మీద నిలబడ్డ సైనికుడూ లేడు. దగ్గరికెళితే రెండువైపులా ముప్పై అడుగుల పైచిలుకు పొడవున కంచు ఫలకాలు. ఒకవైపు సైనికులు నడుస్తున్నారు. వరస మీద వరస, ఒకటే అడుగు, ఒకటే మొహం. శిల్పికి మొహాలు చెక్కడం రాక కాదు. ఆ సైన్యంలో వాళ్ళకి వేరే మొహాలు మిగల్లేదని చెప్పడం అది. పేర్లు లేవు. ఆ ఊరు పోగొట్టుకున్నవాళ్ళు 13 వేల పైచిలుకు. ఆ పేర్లు వేరే చోట, టౌన్ హాల్లో ఓ గదిలో ఉన్నాయి.

రెండోవైపు తిరిగాను. అక్కడ సైనికులు లేరు. మనుషులున్నారు. సమాధుల వరసలు దూరంగా సన్నబడిపోతూ కనిపిస్తుంటే వాటిముందు ఆ ఊరి జనం నిలబడ్డారు. దేవతలు కాదు, రెక్కలున్న స్త్రీమూర్తులు కాదు. ఓవర్‌కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. ఆనాటి వీధిలో ఎవరెలా తిరిగేవారో అవే బట్టలు. 1930లో ఆవిష్కరణకి వచ్చిన ఆడదానికి తన కోటు లాంటి కోటే కంచులో కనిపించి ఉంటుంది. ఫలకం మీద బైబిల్లోంచి తీసుకున్న వాక్యం ఒకటుంది. ఆనాటి గెలుపు జనానికంతటికీ ఏడుపుగా మారిందని దాని తాత్పర్యం. గెలిచిన దేశం, గెలిచిన ఊరు, నడిబొడ్డున ఆ మాట రాయించుకుంది! నాకు తెలిసిన గెలుపు స్తంభాలేవీ ఇంత నిజం చెప్పవు. విశాఖ బీచ్‌లో 1971 యుద్ధ విజయానికి కట్టిన స్తూపం దగ్గర మనమందరం ఫోటోలు దిగాం. అది గెలుపు చెబుతుంది, అదీ అవసరమే. కానీ ఇంటికి రానివాడి పళ్ళెం గురించి అది చెప్పదు.

కళగా చూసినా రెండిటికీ పోలిక లేదు. షవాస్ విగ్రహం కథ చెబుతుంది. కథ తెలియనివాళ్ళకి అది ముగ్గురు మనుషులు. టైసన్ స్మిత్ ఫలకానికి ముందుగా తెలియాల్సింది ఏమీ లేదు. నేను ఎక్కడిదాన్నో! ఆ ఊరు తెలియదు, ఆ యుద్ధం తెలియదు. ఆ ఆడవాళ్ళలో ఒకావిడ పక్కన నిలబడి, చేతిలో కూరగాయల సంచీతో, మా ముత్తవ్వని చూశాను.

ముత్తవ్వంటే మిలిటరీ తాతయ్య తల్లి. నేను ఆవిణ్ణి ఎరగను. అమ్మమ్మ చెప్పేది. కొడుకు వెళ్ళిపోయిన రోజున, వాడు తిరిగొచ్చేదాకా ఆవకాయ ముట్టనని మొక్కుకుందట. నాలుగేళ్ళు. ప్రతి వేసవికీ ఇంటిల్లిపాదికీ కలిపేది. జాడీలకి గుడ్డ కట్టి అటకెక్కించేది. తను మజ్జిగన్నంలో ఉప్పు కలుపుకుని తినేది. మధ్యలో ఏడాదిన్నర ఉత్తరం లేదు. ఊళ్ళో అందరూ పోయాడనే అనుకున్నారు. ఎవరూ పైకి అన్లేదు. 1946లో ఆయన బస్సు దిగి నడిచి వచ్చేసరికి ఆవిడ పెరట్లో ఉంది. లోపలికెళ్ళి జాడీ దించి, కొడుక్కి ముందు ముద్ద పెట్టి, తర్వాత తను తిందట. కారం అలవాటు తప్పిపోయి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, "కారానికేనర్రా" అందట. అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఈ మాట దగ్గర నవ్వేది.

ఆవిడకి పతకం ఎవరిస్తారు? ఇమ్మని నేననడం లేదు. కంచులో నిలబెట్టుకున్నారు చూడండి, 1930లో ఆ ఊరివాళ్ళు, అది చాలు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే, కొత్తగా వస్తున్నాయి. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో పోయిన కర్నల్ సంతోష్ బాబుకి ఆయన సొంతవూరు సూర్యాపేటలో ఏడాది తిరిగేసరికి విగ్రహం పెట్టారు. తరవాత ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. ఆ రోజు రాష్ట్రపతి చేతులమీదుగా పతకం అందుకుంది తల్లీ, భార్యా. టీవీలో చూసే ఉంటారు. ఆ ఇద్దరూ నడిచి వెళ్ళిన ఆ నాలుగడుగులూ చెక్కగలిగిన శిల్పి మనకింకా రావాలి. ఆ రాత్రి ఆయనతో కలిపి పోయినవాళ్ళు 20 మంది. మిగతా 19 మంది ఊళ్ళలో సెంటర్లు ఏ పేరుతో ఉన్నాయో నేను వెతకలేదు. వెతకాల్సింది.

షవాస్ పతకాలు 2009లో దాదాపు 15 లక్షల పౌండ్లకి అమ్ముడయ్యాయని మా తమ్ముడు చెప్పాడు. రూపాయల్లోకి మార్చి చెప్పమన్నాను. చెప్పాడు. మా మరదలు పాపకి పాలు పడుతూ, "మరి మీ మిలిటరీ తాతయ్యది ఎక్కడుంది వదినా?" అంది. నిజమే, ఎక్కడుంది? తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకి పిల్లల్లేరు. అమ్మమ్మా పోయింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. కాఫీ కాచుకుంటోంది.

"అమ్మా, తాతయ్య రేకు డబ్బా ఏమైంది?"

"ఏ డబ్బా? నక్షత్రం బిళ్ళ ఉండేది, అదా? కుట్టుమిషను సొరుగులో ఉంది. బొత్తాలు పోసుకున్నాను అందులో."

"బిళ్ళ ఉందా?"

"ఉండకెక్కడికి పోతుంది? అడుగున ఉంది. సూదుల కోసం వెతికితే ముందు అదే గుచ్చుకుంటుంది. ఏం, అంత అర్ధరాత్రి అదెందుకు గుర్తొచ్చిందే నీకు? పసిపిల్ల నిద్రపోతోందా?"